ఎత్తున మా చెలకలు, పల్లాన వాళ్ళ బావులు: వాటర్‌షెడ్ నిధుల మీద ఒక విమర్శ

కథల మీద, కవిత్వం మీద మనవాళ్ళు చాలా విమర్శ రాశారు. రాయాల్సిందే. అగ్రవర్ణ రచయిత తన నవలలో మాదిగవాడని ఎక్కడ పెట్టాడు, పెట్టకుండా ఎట్లా తప్పించుకున్నాడు అన్నది పట్టుకోవటం దళిత విమర్శ కష్టపడి నేర్చిన విద్య. కానీ మన అమ్మానాన్నల బతుకుల్ని నవలల కన్నా గట్టిగా శాసించిన రాతలు వేరే ఉన్నాయి. అవి జీవోలు, మార్గదర్శక సూత్రాలు, బడ్జెట్ పుస్తకాలు. వాటికీ ఒక భాష ఉంది, ఒక కథనం ఉంది, కొన్ని పాత్రలున్నాయి, కొన్ని పాత్రల్ని కనబడకుండా చేసే నేర్పూ ఉంది. వాటిని ఆర్థికశాస్త్రం వాళ్ళకీ ఇంజనీర్లకీ వదిలేసి కూర్చున్నాం. ఈ వ్యాసంలో అట్లాంటి రాతనొకదాన్ని చదవబోతున్నాం. 1994లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ తెచ్చిన వాటర్‌షెడ్ మార్గదర్శక సూత్రాలు, ఆ తర్వాత 2003లో, 2008లో, 2021లో వచ్చిన వాటి వారసులు.

1973-74 నాటి కరువు పీడిత ప్రాంతాల పథకం ఇరవయ్యేళ్ళు నడిచినా కరువు పోలేదు. ఎందుకు పోలేదో చూడమని వేసిన కమిటీకి సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షుడు, మన తెలుగు ఆర్థికవేత్తే. ఆ కమిటీ నివేదిక ఆధారంగా కొత్త సూత్రాలు తయారై 1995 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చాయి. సుమారు 500 హెక్టార్లు ఒక యూనిట్. పనులు కాంట్రాక్టర్ చేతిలో కాక ఊరి కమిటీ చేతిలో. నూరు రూపాయల్లో 80 పనులకే. అంతకు ముందరి పద్ధతితో పోలిస్తే ఇది ముందడుగే, దాన్ని తక్కువ చెయ్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అందరికన్నా ముందు పరిగెత్తింది. పదేళ్ళలో కోటి హెక్టార్ల బీడు భూముల్ని బాగుచేస్తామని 1997లో ప్రకటించింది. 1999లో బ్రిటిష్ ప్రభుత్వ డబ్బుతో మహబూబ్‌నగర్, నల్గొండ, అనంతపురం, కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో ఇంకో పథకం మొదలయింది. 2000 మే నెలలో 'నీరు-మీరు' వచ్చింది. ఊరి గోడల మీద ఆ రాతలు చూసి అక్షరాలు కూడబలుక్కున్న తరం మాది.

నీరు ఏదో తెలుసు. ఆ 'మీరు' ఎవరు? మా ప్రశ్నంతా ఇదే.

ఈ సూత్రాల గుండెకాయ ఒక్క మాటలో ఉంది: ఎత్తు నుంచి పల్లానికి. వాన నీళ్ళు గుట్ట మీద నుంచి ఉరికొచ్చి మట్టిని కోసుకుపోతాయి కాబట్టి మొదట గుట్ట మీద కందకాలు తవ్వాలి, రాతికట్టలు వెయ్యాలి. తర్వాత చెలకల్లో ఒడ్లు పెట్టాలి. ఆఖరున వాగుల మీద చెక్‌డ్యాములు, ఊటకుంటలు కట్టాలి. ఇంజనీరింగ్ లెక్కన ఇందులో తప్పు పట్టడానికేం లేదు. నీరు పల్లమెరుగు అని మనకి సామెత కూడా ఉంది. పల్లం ఎవరిదో మాత్రం సామెత చెప్పదు, సూత్రాలూ చెప్పవు.

పల్లం ఎవరిదో ఊరు చెప్తుంది. మెట్ట ప్రాంతంలో చాలా ఊళ్ళ భూమి పటం ఒక్క తీరుగా ఉంటుంది. చెరువు కింద, వాగు పక్కన ఉన్న నల్లరేగడి, మాగాణి దొరలవి, పటేళ్ళవి, కోస్తాకూ సీమకూ పోతే ఇంకో పేరు గల కులాలవి. నడిమి చెలకలు బీసీ కులాలవి. గుట్ట మొదట్లో, మొరం తేలి, పారకి టంగుమని మోగే జాగాలు మాల మాదిగలవి. ఇది యాదృచ్ఛికం కాదు. సర్కారు మనకి పట్టాలిచ్చినప్పుడు తన దగ్గర ఏం మిగిలుందో అదే ఇచ్చింది. 1973 భూపరిమితి చట్టం కింద భూస్వాములు మిగులు చూపించినప్పుడు ఏ దున్నని నేలని వదులుకున్నారో అదే మనకి పంచింది. లావోణి పట్టా అన్నా, అసైన్డు భూమి అన్నా పేరే తేడా, రాయి అదే. అంటే ఊరి కులాల మెట్లకి ఊరి భూమి మెట్లు తలకిందులుగా ఉన్నాయి. కులంలో కిందున్నవాడు గుట్ట మీద ఉన్నాడు, కులంలో పైనున్నవాడు పల్లంలో ఉన్నాడు. ఈ ఒక్క సంగతి తెలిస్తే 'ఎత్తు నుంచి పల్లానికి' అన్న మాటకి అర్థం మారిపోతుంది.

మా ఇంటి సంగతే చెప్తాం. పాలమూరులో మా ఊరు. మా నాయినకు గుట్ట వారన రెండెకరాల లావోణి పట్టా ఉండె. మేం నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఊరికి వాటర్‌షెడ్ వచ్చింది. రెండు ఎండాకాలాలు మా అమ్మ, మా పెద్దమ్మ, వాడలోని ఆడవాళ్ళందరూ గుట్ట మీద కందకాలు తవ్వారు. దేశమంతా డ్యాములు కట్టిన పాలమూరు లేబర్‌కి తవ్వటం కొత్త కాదు. ఈసారి ముంబయి పోకుండా ఊళ్ళోనే తవ్వుతున్నాం అన్న సంబరం ఒకటుండె. అది నిజమైన సంబరమే. ఆ రెండేళ్ళు మేం బడి మానలేదు, ఇంకో రెండేళ్ళు ఆగితే మానాల్సొచ్చేదేమో. కూలి ఇచ్చే రోజున మాత్రం అందులోంచి కొంత పట్టుకున్నారు. అడిగితే 'వాటా ధనం' అన్నారు.

ఈ వాటా ధనం సంగతి చూడాలి. ఎవరి సొంత భూమిలో పని జరిగితే వాళ్ళు ఖర్చులో 10 శాతం, ఎస్సీ ఎస్టీలైతే 5 శాతం వాటర్‌షెడ్ అభివృద్ధి నిధికి జమ కట్టాలన్నది నియమం. ఉమ్మడి భూముల్లో పనులకీ 5 శాతం జమ పడాలి. పనికి డబ్బు పెట్టుకుంటేనే అది తమది అన్న భావన కలుగుతుందని దీని వెనక ఉన్న తత్వం. వినటానికి బాగుంది. కానీ డబ్బు కాకపోతే శ్రమ రూపంలో ఇవ్వొచ్చు అన్న సందు ఉంది గదా. ఆ సందులోంచి భూమి గలవాడి వాటా కూలివాడి మస్టర్‌లోకి జారింది. దిగువన పటేలు చేన్లో ఒడ్డు పోస్తే ఆయన కట్టాల్సిన వాటా ఒడ్డు పోసిన మనిషి కూలిలో కోత పడింది. పూర్వం వెట్టి అనేవాళ్ళు దీన్ని. కొత్త కాగితం మీద 'ప్రజల భాగస్వామ్యం' అని రాశారు.

చెక్‌డ్యాం వాగు మీద కట్టారు. దాని పక్కన ఊళ్ళోని పెద్ద కుటుంబం బావులున్నాయి. మూడో ఏడు వానలు పడ్డాక ఆ బావులు ఊరాయి. నాలుగో ఏటికి అక్కడ కొత్తగా బోర్లు దిగాయి, వరి పచ్చగా పరుచుకుంది. మా గుట్ట వారన రెండెకరాల్లో మట్టి కొట్టుకుపోవటం తగ్గింది, ఆముదాలు కాస్త బాగా పండాయి. అంతే. "కందకం మనం తవ్వితిమి, నీళ్ళు పటేలు బాయిల పడ్డయి, మల్ల నాట్లకు కూలికి పోయింది గూడ మనమే" అని మా పెద్దమ్మ ఇప్పటికీ అంటది. ఎన్నో మూల్యాంకన నివేదికలు చదివాం గానీ, ఇంత సూటిగా చెప్పిన వాక్యం మాకు కనబడలేదు.

గుట్ట మాటకొస్తే, అక్కడ మొక్కలు నాటి మేత బందు పెట్టారు. పచ్చదనం పెరగాలంటే మేకలు పోవాలని ఆఫీసరు మీటింగు పెట్టి చెప్పాడు. మేకలున్నది మా వాడలోనూ గొల్లల్లోనూ. పాడి బర్రెలు పల్లంలో గట్టు గడ్డి తింటాయి, వాటికి గుట్టతో పని లేదు. మూడేళ్ళలో వాడలో మేకలు సగానికి సగం అమ్ముడుపోయాయి. పర్యావరణం పేరుతో ఎవరి పశువు బయటికి పోతుంది, ఎవరి పశువు లోపల ఉంటుంది అన్నది కూడా కులం ప్రశ్నే. మన పర్యావరణవాదులు ఈ మాట వింటే నొచ్చుకుంటారు.

ఇక రెండో మాట, 'సముదాయం'. ఈ సూత్రాల నిండా ఊరు ఒక మనిషిలాగా నడుస్తుంది. ఊరు ప్రణాళిక వేస్తుంది, ఊరు తీర్మానిస్తుంది, ఊరు కాపాడుకుంటుంది. రాజ్యాంగ సభలో 1948 నవంబరు 4న అంబేడ్కర్ ఊరిని రాజ్యాంగానికి యూనిట్‌గా ఒప్పుకోనని, వ్యక్తే యూనిట్ అని తేల్చిచెప్పాడు. ఊరిని పొగిడే మేధావుల్ని చూసి ఆయనకెంత చిరాకు వేసిందో ఆ ప్రసంగం చదివితే తెలుస్తుంది. నలభై ఆరేళ్ళ తర్వాత ఢిల్లీలో కూర్చున్న పెద్దలు ఆ ఊరినే మళ్ళీ యూనిట్‌గా తెచ్చి నెత్తిన పెట్టారు. కమిటీలో పది పన్నెండు మంది, అందులో దళితులకీ ఆడవాళ్ళకీ చోటుండాలన్నారు. చోటుంది. మా ఊళ్ళో ఆ చోట్లో కూర్చున్న మా మేనత్త మీటింగులకు పోయి చాప చివర కూర్చునేది. ఎక్కడ చెక్‌డ్యాం కట్టాలన్నది మాత్రం మీటింగుకి ముందురోజు రాత్రి వేరే ఇంటి అరుగు మీద తేలిపోయేది.

నీళ్ళ దగ్గర ఊరు ఒక్కటిగా ఉంటుందని నమ్మేవాళ్ళకి మన చరిత్ర తెలియదనుకోవాలి. 1927 మార్చిలో మహాద్ చెరువు నీళ్ళు తాగినందుకు దళితుల మీద దాడి జరిగింది. 1985 జూలై 17న కారంచేడులో జరిగిన హత్యాకాండకి మొదలు మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర బర్రెల్ని కడగటం మీద వచ్చిన గొడవే. తెలంగాణ ఊళ్ళలో చెరువు తూము తీసి పొలాలకి నీళ్ళు పంచిన నీరడి చాలాచోట్ల మాలవాడో మాదిగవాడో. తరతరాలుగా నీళ్ళు పంచినవాడికి ఆ నీళ్ళ మీద హక్కు లేదు. 1997లో వచ్చిన సాగునీటి సంఘాల చట్టం కూడా ఆయకట్టులో భూమి గలవాళ్ళకీ, నమోదైన కౌలుదార్లకే ఓటిచ్చింది. నీళ్ళు వాడే మిగతావాళ్ళు చేరొచ్చు గానీ ఓటు లేదు. రైతుల భాగస్వామ్యం అని దాన్ని ప్రపంచమంతా మెచ్చుకుంది. రైతు అంటే భూమి హక్కుదారు అన్న లెక్క మీద ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక్కడ కొందరు మిత్రులు మమ్మల్ని ఆపుతారు. ఊళ్ళో భూగర్భజలం పెరిగితే అందరికీ మంచిదే గదా, నాట్లూ కోతలూ పెరిగి కూలికీ పని దొరుకుతుంది గదా అంటారు. వామపక్ష మిత్రులు కూడా కొందరు ఇదే అంటారు, కాస్త వేరే భాషలో. పని పెరిగిన మాట నిజమే. మా అమ్మ చేతుల మీదనే చూశాం. కానీ ఈ దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం కాలం నుంచి నడుస్తున్న న్యాయం ఏమంటే, భూమి ఎవరిదో దాని కింది నీళ్ళు తోడుకునే హక్కు వాళ్ళదే. భూమి లోపల నీటిమట్టం పెంచటం ఉమ్మడి పని, సర్కారు డబ్బు, దళితుల శ్రమ. దాన్ని తోడుకోవటం మాత్రం సొంత హక్కు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం బోర్లకి రిజిస్ట్రేషన్ పెట్టింది, అనుమతి పెట్టింది. ఊరిన నీళ్ళలో భూమిలేనివాడికి వాటా ఎంత అన్నది దాన్లోనూ లేదు. కాబట్టి 'అందరికీ మంచిదే' అన్న మాటలో ఒకరికి ఆస్తి, ఒకరికి కూలి. ఇది సమానంగా పంచటం కాదు, పాత సంబంధాన్ని కొత్త నీళ్ళతో తడపటం.

నీళ్ళని వేరే తీరుగా పంచటం కుదరదా? కుదురుతుంది, జరిగింది కూడా. హర్యానాలో సుఖోమాజ్రి అనే ఊళ్ళో 1970ల చివర కుంట నీళ్ళలో భూమి లేని ఇంటికి కూడా వాటా ఇచ్చారు. మహారాష్ట్రలో 1972 కరువు తర్వాత పుణె జిల్లా పురందర్ తాలూకాలో విలాస్‌రావు సాళుంఖే మొదలుపెట్టిన పానీ పంచాయత్ ఇంట్లో మనుషుల లెక్కన నీళ్ళు పంచింది. తలకి అరెకరం, భూమి లేనివాళ్ళకీ వాటా, చెరకు వెయ్యకూడదు. భూమి అమ్మితే దాంతో నీళ్ళ హక్కు పోదు. వాటర్‌షెడ్ ఉద్యమానికి ఇట్లాంటి ఊళ్ళే ఆదర్శమని పుస్తకాలన్నీ చెప్తాయి. 1994 సూత్రాలు అక్కడి కట్టల్ని తెచ్చుకున్నాయి, కందకాల్ని తెచ్చుకున్నాయి. వాటాని దారిలో వదిలేశాయి. పేదల మీద ప్రత్యేక శ్రద్ధ చూపాలనీ ఫలితాలు న్యాయంగా పంచాలనీ ఆశయాల పేజీలో రాశారు. ఎట్లా పంచాలో చెప్పే నిబంధన మాత్రం పెట్టలేదు. ఆశయాల పేజీ, నిబంధనల పేజీ ఈ రెండిటి మధ్య దూరమే మన విమర్శకులు చదవాల్సిన చోటు.

2008లో వచ్చిన ఉమ్మడి మార్గదర్శకాల్ని 2011లో సవరించినప్పుడు నిధుల్ని ఇట్లా విభజించారు: నూటికి 56 వాటర్‌షెడ్ పనులకి, 10 ఉత్పత్తి పెంపుకి, 9 ఆస్తి లేనివాళ్ళ జీవనోపాధికి, మిగతావి పాలనకీ శిక్షణకీ తదితరాలకీ. భూమిలేని దళితుడు ఇందులో మొట్టమొదటిసారి ఒక పద్దుగా కనబడ్డాడు, సంతోషం. కానీ ఆ 9 రూపాయలతో ఏమిస్తారు? మేక, కోడి, కుట్టుమిషన్, చిన్న అప్పు. 56 రూపాయల నీళ్ళలో వాటా అడగకుండా ఉండటానికి ఇచ్చిన పరిహారంలాగా ఉంది అది. గుట్ట మీద మేత బందు పెట్టి చేతికి మేకని ఇవ్వటం ఎంత తెలివో చూడండి. హెక్టారుకి మొదట్లో సుమారు 4 వేలున్న ఖర్చు 2008 తర్వాత మైదాన ప్రాంతాల్లో 12 వేలయింది, 2021 సూత్రాల్లో 22 వేలయింది. డబ్బు పెరిగింది, ప్రశ్న అక్కడే ఉంది.

తెలంగాణ వచ్చాక 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల్ని బాగుచేస్తామంది. చెరువులు బాగుపడాలి, పడ్డచోట మేలు జరిగింది. అయితే పూడిక తీయటం సర్కారు ఖర్చు, పొలానికి తోలుకోవటం రైతు సొంత ఖర్చు. ట్రాక్టర్ ఉన్నవాడి చేను నల్లబడింది. గుట్ట మీది చెలకకి ఆ మట్టి ఎంత దూరమో ఎవరూ కొలవలేదు.

ఇప్పుడు ఉపప్రణాళిక దగ్గరికి రావాలి. మన ఉద్యమాలకి ఇది బాగా పరిచయమైన పోరాటం, కాబట్టి చరిత్ర పొడుగ్గా చెప్పం. జనాభా నిష్పత్తిలో ప్రణాళిక నిధులు ఎస్సీలకి కేటాయించాలన్న విధానం 1979 నుంచి ఉంది. మూడు దశాబ్దాలు అది కాగితం మీదే ఎక్కువ నడిచింది. 2010లో ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలకి ఆ నిధులు మళ్ళించిన సంగతి పార్లమెంటులోనే బయటపడింది. 2012లో ఇక్కడ సాగిన ఆందోళనల ఫలితంగా 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం చేసింది. పదేళ్ళ గడువుతో వచ్చిన ఆ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా మార్చుకుంది. ఖర్చుకాని డబ్బు మరుసటి ఏడుకి కలపాలన్నది అందులో మెచ్చుకోవాల్సిన అంశం.

మేం చెప్పదలచింది లెక్క రాసే పద్ధతి గురించి. 2013 చట్టం ప్రకారం కేవలం ఎస్సీ వ్యక్తులకో కుటుంబాలకో చేరే ఖర్చుని పూర్తిగా ఉపప్రణాళికలో చూపొచ్చు. అందరితో కలిసిన పథకాల్లో ఎస్సీ లబ్ధిదార్లు ఎంతమందో అంత నిష్పత్తిలో చూపాలి. విడదీయలేని మౌలిక పనులైతే ప్రభుత్వం నిర్ణయించినంత భాగాన్ని ఎస్సీలకి ఖర్చయినట్టు 'భావించాలి'. ఈ 'భావించటం' దగ్గర మాకు పేచీ. రోడ్డు విడదీయలేనిది సరే. నీళ్ళు విడదీయలేనివా? ఏ బోరులో ఎన్ని గంటలు మోటారు నడిచిందో కరెంటు శాఖకి తెలుసు. ఏ సర్వే నెంబరు ఎవరి పేరున ఉందో రెవెన్యూ శాఖకి తెలుసు. విడదీయొచ్చు. విడదీస్తే బయటపడే సంగతులున్నాయి కాబట్టి భావిస్తారు.

ఇంకో లెక్క ఇంతకన్నా ఘోరం. మన కూలిని మనకిచ్చిన సాయంగా రాసుకోవటం. గుట్ట మీద కందకం తవ్వింది ఎస్సీ కాబట్టి ఆమె కూలి ఎస్సీల అభివృద్ధికి పెట్టిన ఖర్చు. 2021-22 నుంచి ఉపాధి హామీ కూలిని ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని వేరు పద్దుల్లో చెల్లించమని కేంద్రం చెప్పినప్పుడు ఒకే కందకంలో పక్కపక్కన తవ్విన ఆడవాళ్ళకి డబ్బులు వేరే వేరే రోజుల్లో పడ్డాయి. పత్రికలు ఆలస్యం గురించి రాశాయి, బాగానే రాశాయి. ఎండలో చెమటోడ్చి సంపాదించిన కూలి ఏ న్యాయాన దళితుల 'సంక్షేమం' అవుతుందన్నది మాత్రం చర్చకి రాలేదు. పటేలు బావికి నీళ్ళు తెచ్చిన పని కూలి మన పద్దులో, ఆ నీళ్ళు ఆయన చేన్లో.

అంతా చీకటే అని మేం అనటం లేదు. ఉపాధి హామీ చట్టం వచ్చినప్పుడు సొంత భూమిలో పనులు మొదట ఎస్సీ ఎస్టీలకీ, భూసంస్కరణల లబ్ధిదార్లకీ, ఇందిరా ఆవాస్ లబ్ధిదార్లకే పరిమితం చేశారు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలయ్యాక మన చెలకల్లో రాళ్ళేరి ఒడ్లు పెట్టిన పనులు ఈ రాష్ట్రంలో జరిగాయి. 2009లో దాన్ని సన్నకారు, చిన్నకారు రైతులందరికీ తెరిచారు. బీసీ రైతుకి అది అవసరమే, కాదనం. ప్రాధాన్యం ఎస్సీ ఎస్టీలకే అన్నారు గానీ, క్యూ పొడుగైతే వెనక్కి పోయేది ఎవరో చెప్పక్కర్లేదు. 2011లో వచ్చిన ఇందిర జలప్రభ దళిత గిరిజనుల బీళ్ళలోనే బోర్లు వెయ్యాలనుకుంది. ఆలోచన సరైనది, నీళ్ళని మన భూమి దగ్గరికి తేవటం. కరెంటు, మోటారు, బాగుచేత ఎవరు చూస్తారన్న దగ్గర చాలాచోట్ల కుంటుపడింది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత ఆడవాళ్ళు 1980ల నుంచి బీళ్ళని సాగులోకి తెచ్చిన సంగతి అందరికీ తెలుసు. వాళ్ళ చిరుధాన్యాల ఫోటోలు పట్నం పత్రికల్లో అందంగా వస్తాయి, సంప్రదాయ విజ్ఞానం అని రాస్తారు. వాళ్ళు మొదట పోట్లాడింది సంప్రదాయం కోసం కాదు. భూమి కోసం, తినే జొన్న కోసం.

మనలోంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది, అది మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఈ రాళ్ళ భూముల కోసం ఎందుకీ తాపత్రయం, పిల్లల్ని చదివించి పట్నం పంపితే కులం పోదా, అంబేడ్కర్ చెప్పింది కూడా ఊరు వదలమనే గదా అంటారు. మేమే ఊరు వదిలి వచ్చినవాళ్ళం, యూనివర్సిటీ హాస్టల్ మెట్లెక్కిన మొదటి తరం, కాబట్టి ఈ మాట కొట్టిపారెయ్యలేం. కానీ మేం వదిలొచ్చిన రెండెకరాలు మా ఇంట్లో ఇంకా ఉన్నాయి, మా నాయిన ఇంకా దున్నుతున్నాడు. ఊరు వదిలే హక్కు వేరు, వదలక తప్పని స్థితి వేరు. నీళ్ళు లేక భూమి వదిలితే దాన్ని కొనేవాడు ఎవరో 1977 అసైన్డు భూముల చట్టం ఉన్నా ఊళ్ళలో అందరికీ తెలుసు. ఆ చట్టం అమ్మకాన్ని నిషేధించింది. చేతులు మారటం ఆగలేదు. 2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు భూకమిటీ ఈ సంగతులన్నీ చూసి 104 సిఫారసులు చేసింది.

కాబట్టి మన విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు నిధులు 'మళ్ళించారు' అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగకూడదని మా అభిప్రాయం. మళ్ళించకుండా, నిబంధన ప్రకారం, మన గుట్ట మీదే ఖర్చుపెట్టిన డబ్బు కూడా పల్లంలో ఇంకొకరి ఆస్తిగా తేలుతోంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి. ప్రతి వాటర్‌షెడ్ పనుల రిజిస్టర్లో చెక్‌డ్యాం పేరు, ఖర్చుతో పాటు దానికి అటూ ఇటూ ఉన్న బావులు, బోర్లు ఏ సర్వే నెంబర్లలో ఉన్నాయో, ఎవరి పేరున ఉన్నాయో ఒక గడి ఉండాలి. సర్కారు డబ్బుతో ఊరిన నీళ్ళలో భూమిలేని ఇంటికి వాటా రాయాలి, ఆ వాటా నీళ్ళు వాడుకోవటానికి కౌలు భూమి చూపించాలి. కూలిని ఉపప్రణాళిక ఖర్చులో రాయటం మానాలి. సమాచార హక్కు కింద ప్రణాళిక నివేదిక, పనుల జాబితా, మస్టర్లు అడిగితే ఇవ్వాల్సిందే. గ్రామ పటం తహశీలు ఆఫీసులో దొరుకుతుంది. ఈ వేసవి సెలవుల్లో ఊరికి పోయే విద్యార్థులు ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి, తవ్విన పెద్దమ్మల్ని వెంటబెట్టుకొని, గుట్ట మీద నుంచి వాగుదాకా ఒకసారి నడిచి రాసుకొని రండి.